హేమ్లి కోసం వెతికిన సీటు

హాతీరాం సత్తుపల్లి డిపోలో ఇరవై ఏళ్లకు పైగా కండక్టరు. కదిలే బస్సులో ఆయన కూర్చోగా చూసినవాళ్లు లేరు. బండి సగం ఖాళీగా ఉన్నా వెనక తలుపు దగ్గరి కడ్డీకి వీపు ఆనించి నిలబడే ఉంటాడు. ఎక్కినవాళ్లలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో మాత్రం ఆయనే తేలుస్తాడు. నడుం నొప్పి ఉన్న ముసలమ్మను వెనక చక్రం మీది సీట్లో కూర్చోనివ్వడు. వాంతులయ్యే పిల్లను కిటికీ పక్కకు జరిపిస్తాడు. కాళ్లు పొడుగైన మనిషిని తలుపు ఎదుటి సీటుకు పంపి, అక్కడున్న పొట్టి మనిషిని మంచిమాటలతో లేపుతాడు. టికెట్ కొట్టడం కంటే ఈ సర్దుబాటే ఆయనకు ఎక్కువ ఇష్టమని డ్రైవర్లు నవ్వుకునేవాళ్లు.

భార్య హేమ్లిది నడిచే ఉద్యోగం. దమ్మపేట మండలంలో అడవి అంచు గూడేలకు ఆమె ఏఎన్ఎం. జీపు పోయినంత మేర జీపులో పోయి, ఆ తర్వాత టీకాల పెట్టె భుజానికి తగిలించుకుని బాట పట్టేది. వాగు దాటాలంటే చెప్పులు చేతిలోకి వచ్చేవి. పసిపిల్లలకు సూదులు వేసి, బాలింతలను చూసి, పొద్దు వాలేలోపు తండాకు చేరేది. ఆమె నడక వేగం గూడేల్లో అందరికీ తెలుసు. వెంట వచ్చే ఆశా కార్యకర్త ముత్తక్క ఎప్పుడూ పది అడుగులు వెనకే ఉండేది.

ఆ నడకను మొదట పట్టుకున్నది ఫ్లోరెన్స్. కల్లూరు బాలికల హైస్కూల్లో ఆటల టీచరు ఆమె. జిల్లా ఉద్యోగినులకు ఖమ్మంలో ఆటల పోటీలు పెట్టినప్పుడు, చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని మైదానం చుట్టూ నడిచిన హేమ్లిని చూసి దగ్గరికి వచ్చింది.

"సిస్టర్, మీరు నడక పందెం నేర్చుకున్నరా ఎక్కడన్నా?"

"నేర్చుకునేది ఏముంది మేడం? రోజూ నడుస్తనే ఉన్న."

"గట్ల కాదు. పందెంల ఎప్పుడూ ఒక కాలు నేల మీదనే ఉండాలె. మోకాలు వంగొద్దు. నేర్పిస్త, ఆదివారం రండి. చర్చి అయినంక గ్రౌండుల ఉంట."

అలా మొదలైంది. ప్రార్థన ముగించుకుని ఫ్లోరెన్స్, ఇంటి పని ముగించుకుని హేమ్లి కల్లూరు మైదానంలో కలుసుకునేవాళ్లు. మొదట్లో నలుగురూ వింతగా చూశారు. తర్వాత అలవాటు పడ్డారు. నలభై దాటినవాళ్లకు పెట్టే వెటరన్ల పోటీల్లో హేమ్లి జిల్లాకు నడిచింది, రాష్ట్రానికి నడిచింది, చివరకు బెంగళూరులో జాతీయ పోటీల దాకా పోయింది. బెంగళూరుకు రాత్రంతా బస్సులో కూర్చుని పోయినందుకు ఆమె పాదాలు బూట్లలో పట్టనంత వాచాయి. ఆ వాపుతోనే నడిచి మూడో స్థానంలో నిలిచింది. ఇంటికి వచ్చిన రోజు హాతీరాం ఆ పాదాలను ఉప్పునీళ్లలో పెట్టించాడు. మరుసటి వేసవిలో, ఆస్ట్రేలియాలోని అడిలైడ్‌లో జరిగే పోటీలకు ఆమె పేరు ఎంపికైందని కబురు వచ్చినప్పుడు ఆయనకు ముందుగా గుర్తుకొచ్చింది ఆ వాపే.

వెటరన్ల ఆటల్లో ఎవరి ఖర్చు వాళ్లే పెట్టుకోవాలి. అంత దూరం ఎట్లా పోతావని ఇరుగుపొరుగు అడగసాగారు. ఫ్లోరెన్స్ వెంట పోదామనుకుంది గానీ బడి నుంచి సెలవు దొరకలేదు.

"టికెట్ సంగతి నాకొదిలెయ్," అన్నాడు హాతీరాం. "ముప్పై మందిని సీట్ల కూసోబెట్టేటోణ్ని, ఒక్కదాన్ని కూసోబెట్టలేనా?"

ఖమ్మం బస్టాండు దగ్గర ఫ్లోరెన్స్ తమ్ముడు జస్టిన్‌కు ఇంటర్‌నెట్ సెంటరు ఉండేది. హాల్టు దొరికినప్పుడల్లా హాతీరాం అందులో దూరేవాడు. విమానాల్లో సీటు నుంచి సీటుకు ఎంత ఎడం ఉంటుందో, వీపు ఎంత వాలుతుందో ప్రయాణం చేసినవాళ్లు రాసిన అభిప్రాయాలు నెట్‌లో ఉంటాయని జస్టిన్ చూపించాడు. ఒక విమానంలో ముప్పై ఒక్క అంగుళాల ఎడం, ఇంకోదాంట్లో ముప్పై రెండు, మరోదాంట్లో ముప్పై నాలుగు. మర్నాడు హాతీరాం టేపు పట్టుకుని డిపోలో బస్సులెక్కాడు. ఎక్స్‌ప్రెస్ సీట్లు కొలిచాడు, లగ్జరీ సీట్లు కొలిచాడు. ముప్పై నాలుగు అంగుళాలంటే ఏ బస్సులో ఏ సీటో తెలిశాక హేమ్లిని తీసుకొచ్చి అందులో కూర్చోబెట్టాడు.

"కాళ్లు చాపు. ఎట్లున్నది?"

"బస్సులెక్కనే ఉన్నది," అంది హేమ్లి.

అంకెలతో ఆయనకు తృప్తి కలగలేదు. బస్సులో ఎక్కిన ప్రతి మనిషినీ విమానమెక్కారా అని అడగడం మొదలుపెట్టాడు. దుబాయిలో తాపీపని చేసి వచ్చిన గోప్యా, విమానమంటే స్వర్గమేనని చెప్పాడు. సీటు ఇరుకే గానీ రెండుసార్లు అన్నం పెట్టారనీ, మళ్లీ అడిగితే మళ్లీ పెట్టారనీ అన్నాడు. రోమ్‌కు పోయి వచ్చిన బోనకల్ ఫాదర్ గారు, సీటు బాగానే ఉంది గానీ చలి ఎముకలు కొరికిందని చెప్పారు. విశ్రాంతమ్మ అనే రిటైర్డ్ టీచరమ్మ జెరూసలేం యాత్రకు పోయి వచ్చింది. ఆమెను అడిగితే, "సీటు యాది లేదయ్యా. పక్కన కూసున్నామె నా భుజం మీద పడుకుని గురక పెట్టింది. గదొక్కటే యాదున్నది," అంది. ఒకే విమానం ఎక్కిన ఇద్దరు రెండు రకాలుగా చెప్పారు. ఎంతమందిని అడిగితే అంత గందరగోళమైంది.

చివరకు జస్టిన్ ముందు మూడు దారులు మిగిలాయి. సింగపూర్ మీదుగా పోయేది అన్నిటికంటే మంచిది. సీటు వెడల్పు, మధ్యలో ఒక్కసారే మారాలి, ఆగడం కూడా తక్కువ. ధర మాత్రం గుండె ఆగేటంత. రెండోది గల్ఫ్ మీదుగా. సీటు మంచిదే, ధర కొంత తక్కువ. దాన్ని హాతీరాం మొదటి చూపులోనే కొట్టేశాడు.

"తూర్పుకు పోయేటోడు పడమటికి ఎందుకు పోతడు? దమ్మపేట నుంచి భద్రాచలం పోవుడుకు బోనకల్ దాకా పోయి మళ్లొచ్చినట్టున్నది."

మూడోది అన్నిటికంటే చవక. సీటు ఇరుకు. రెండుచోట్ల దిగి ఎక్కాలి, రెండోచోట దాదాపు ఒక పగలంతా పడిగాపులు. దాని ధర మొదటిదానిలో సగానికి కొంచెం ఎక్కువ.

"సింగపూర్‌ది రాసెయ్," అన్నాడు హాతీరాం. పీఎఫ్‌లో అప్పు తీసుకోవాలని అప్పటికే నిశ్చయించుకున్నాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెబితే హేమ్లి బియ్యం ఏరుతూ అంతా విన్నది. మూడు దారుల ధరలూ మళ్లీ చెప్పించుకుంది. తర్వాత చేట పక్కన పెట్టింది.

"గా మూడోదాంట్ల అయితే ఇద్దరం పోవచ్చు గదా?"

"ఇద్దరమా? నేనెందుకు? పందెం నీది."

"మంచి సీటుకు పెట్టే పైసలకు ఇంకొన్ని కలిపితే నువ్వు గూడ వస్తవ్."

"నీ కాళ్లు వాస్తయి హేమ్లీ. ఆ సీట్ల ముప్పై ఒకటే ఉన్నది."

"బెంగళూరుకు పోయినప్పుడు కాళ్లు వాచినయని ఏడ్వలే. రాత్రంతా పక్కన తెలిసిన మనిషి లేకపాయె. ఏ ఊరొచ్చిందో తెల్వదు, ఎంతసేపు ఆగుతదో తెల్వదు. దిగితే బస్సు పోతదేమోనని దిగలేదు. కదలకుండ కూసుంటే వాయవా మరి?"

హాతీరాంకు ఆ మాట కొత్త. ఇన్ని నెలలుగా ఆయన కొలిచినవాటిలో అది లేదు. అయినా రెండు రోజులు వాదించాడు. డ్యూటీ అన్నాడు, అప్పు అన్నాడు, అక్కడ నాకేం పని అన్నాడు. మూడో రోజు పొద్దున ఖమ్మంలో దిగి జస్టిన్ సెంటరుకు పోయి, మూడోదారిలో రెండు టికెట్లు రాయమన్నాడు. జస్టిన్ టికెట్లు రాసి, అక్కకు ఫోన్ చేసి చెప్పాడు. ఫ్లోరెన్స్ ఆ ఆదివారం హేమ్లికి కుర్చీలో కూర్చునే చేసే కాలి కసరత్తులు నేర్పింది.

బేగంపేటలో విమానమెక్కాక హాతీరాంకు అసలు కష్టం తెలిసింది. కూర్చోవాలి. బెల్టు కట్టుకుని, మోకాళ్లు ముందు సీటుకు ఆనుకుని, కూర్చునే ఉండాలి. నెట్‌లో రాసింది నిజమే, ముప్పై ఒక్క అంగుళాలే. బెల్టు దీపం ఆరగానే లేచి నడవాలో నిలబడ్డాడు. విమానం కొద్దిగా ఊగినా ఆయన ఊగలేదు, తల్లాడ మలుపుల్లో నిలబడ్డ కాళ్లవి. హేమ్లిని లేపి వెనకదాకా నడిపించి తెచ్చాడు. కాసేపటికి మళ్లీ లేపాడు. ప్రయాణికుల్లో కొందరు విసుక్కున్నారు, కొందరు తామూ లేచారు.

వెనక వంటసామాను గది దగ్గర విమానపు పిల్ల ఒకతె బండిలో గ్లాసులు సర్దుతోంది. ఇరవై అయిదేళ్లు ఉంటాయేమో. కూర్చోమని ఆమె మర్యాదగా చెప్పింది. హాతీరాం తన గుండె మీద చెయ్యి పెట్టుకుని "ఐ కండక్టర్. బస్. స్టాండింగ్," అన్నాడు. ఆ పిల్ల పకపకా నవ్వింది. "మీ టూ," అంది తన బూట్లు చూపించి. హేమ్లి వంగి ఆ పాదాలు చూసింది. చీలమండ దగ్గర వేలితో నొక్కితే గుంట పడింది. ఏఎన్ఎం ఊరుకుంటుందా? మడమలు ఎత్తి దించడం, వేళ్లు ముడిచి విప్పడం అక్కడే నిలబడి చేసి చూపింది. ముగ్గురూ బండి పట్టుకుని కాసేపు మడమలు ఎత్తి దించారు. దిగేటప్పుడు ఆ పిల్ల హేమ్లి చేతిలో నాలుగు చాక్లెట్లు పెట్టింది.

పడిగాపులు పడ్డ ఊళ్లో ఎయిర్‌పోర్టు మెరిసిపోతోంది. కుర్చీలన్నిటికీ మధ్యలో ఇనుప చేతులు, పడుకోవడానికి వీల్లేదు. హాతీరాం ఒక మూల గోడవార తువ్వాలు పరిచి హేమ్లిని పడుకోబెట్టాడు. కాళ్లు సంచి మీద ఎత్తు పెట్టించి, పక్కన కూర్చుని పాదాలు పిసికాడు. తండాలో నలుగురి ముందు ఆ పని చేసి ఎరగడు. సూట్లు వేసుకున్నవాళ్లు దాటిపోతూ చూశారు.

"అందరు చూస్తున్నరు," అంది హేమ్లి లంబాడీలో.

"చూడనీ. మళ్ల కనపడ్తరా ఏంది?" అన్నాడు ఆయనా లంబాడీలోనే.

ఆ పగలంతా వాళ్లు మాట్లాడుకున్నారు. ఆయనకు పొద్దుటి డ్యూటీ, ఆమెకు గూడేల తిరుగుడు. పెళ్లయిన ఇన్నేళ్లలో పనిలేని పగలు ఇద్దరికీ కలిసి దొరకలేదు. చిన్నప్పుడు వాగులో కొట్టుకుపోయిన అన్న మోతీ గురించి హేమ్లి ఆ రోజే మొదటిసారి పూర్తిగా చెప్పింది. వాగు దాటేటప్పుడు ఇప్పటికీ అన్న పేరు లోపల అనుకుంటానని చెప్పింది. హాతీరాం పాదాలు పిసకడం ఆపి విన్నాడు.

అడిలైడ్‌లో దిగాక చూస్తే ఆమె కాళ్లు వాయలేదు. బూట్లు సులువుగా పట్టాయి. హాతీరాం మొహం వెలిగిపోయింది. కానీ అన్నీ చూసిన మనిషి ఒకటి చూడలేదు. అక్కడ చలి. మన ఎండాకాలం వాళ్లకు చలికాలానికి దగ్గరని జస్టిన్‌కూ తట్టలేదు. పందెం రోజు పొద్దున సముద్రం మీదినుంచి గాలి ఈదురుగా వీచింది. పన్నెండున్నర చుట్లలో సగం దాటేదాకా హేమ్లి మూడో మనిషిగా నడిచింది. అక్కడ ఎడమ పిక్క పట్టేసింది. మోకాలు వంచితే తప్పు, వంచకపోతే నొప్పి. ఒక తెల్ల ముసలామె దాటిపోయింది, తర్వాత ఇంకొకామె.

హాతీరాం కంచె పట్టుకుని నిలబడ్డాడు. చుట్టూ జనం వాళ్ల భాషలో కేకలేస్తున్నారు. ఆయనకు ఏం అరవాలో తోచలేదు. హేమ్లి తన ఎదుటికి వచ్చేసరికి గొంతులోంచి దానంతటదే వచ్చింది.

"రైట్ రైట్! పోనీ... రైట్!"

హేమ్లి తల తిప్పలేదు గానీ నవ్వింది. నొప్పితోనే నవ్వింది. పక్కనున్న ఒక లావుపాటి పెద్దమనిషి, అది వీళ్ల దేశపు కేక అనుకున్నాడో ఏమో, తరువాతి చుట్టులో తనూ "రైట్ రైట్" అన్నాడు. ఇంకో చుట్టుకు ఆ మూలనున్న నలుగురైదుగురు అందుకున్నారు. పందెంలో ఆమె అయిదో స్థానంలో వచ్చింది. గీత దాటాక కూలబడితే హాతీరాం కంచె కింది నుంచి దూరిపోయి తన స్వెట్టర్ విప్పి ఆమె పిక్కకు చుట్టాడు.

పతకం లేకుండా వచ్చినందుకు ఎవరూ చిన్నబుచ్చలేదు. కల్లూరు బడిలో ఫ్లోరెన్స్ పిల్లలందరినీ కూర్చోబెట్టి హేమ్లి చేత మాట్లాడించింది. హేమ్లి రెండు మాటలు మాట్లాడి, మిగిలిందంతా నడిచి చూపించింది.

హాతీరాం పేరు మాత్రం ఎవరూ అనుకోని దారిలో పాకింది. ఖమ్మం నుంచి దమ్మపేట దాకా విమానమెక్కబోయే వాళ్లందరూ సలహా కోసం ఆయన బస్సు వేళ కనుక్కుని ఎక్కడం మొదలుపెట్టారు. 2008లో శంషాబాద్‌లో కొత్త విమానాశ్రయం తెరిచి, దారులూ ధరలూ మారిపోతే ఆయన మళ్లీ జస్టిన్ దగ్గర కూర్చుని అంతా మొదటి నుంచి చదువుకున్నాడు. సలహాల్లో కొన్ని తప్పయ్యేవి. తప్పు చెప్పించుకున్నవాళ్లు మళ్లీ బస్సెక్కి ఆయన్నే తిట్టేవాళ్లు, ఆయన నవ్వుతూ టికెట్ కొట్టేవాడు.

ఐర్లాండులో నర్సు ఉద్యోగం వచ్చిన మహిమ అనే అమ్మాయి ఒక రోజు వైరాలో ఎక్కింది.

"అంకుల్, రెండు విమానాలున్నయి. ఒకటి చవక, ఒకటి సీటు మంచిగున్నది. ఏది తీస్కోమంటరు?"

"ఒక్కదానివేనా?"

"లేదు. మా బ్యాచ్‌ల ఇంకో పిల్ల ఉన్నది. ఆమె చవకదాంట్ల పోతాంది."

"ఆమెతోని మంచిగ ఉంటవా?"

"మాట్లాడుతనే ఉంటది అంకుల్. నోరు ఊరుకోదు."

"అయితే గా పిల్లతోనే పో," అన్నాడు హాతీరాం. "నడుమ ఎంతసేపు ఆగుతదో కనుక్కో. నడిచే దారి దిక్కు సీటు అడుగు, లేచి తిరగొస్తది. ఒక స్వెట్టర్ మీదనే ఉంచుకో, పెట్టెల పెట్టకు."

ఇంకా ఏదో చెప్పబోతుంటే కల్లూరు వచ్చింది. దిగాల్సినవాళ్లు తోసుకుంటున్నారు. ఆయన పక్కకు జరిగి, ఒక బాలింత చేతిలోని బిడ్డను అందుకుని, ఆమె మెట్లు దిగాక జాగ్రత్తగా చేతికిచ్చాడు.