డాక్టర్ వసుమతి వాల్వర్‌హాంప్టన్ ఇంగ్లీషు

గుంటూరు మెడికల్ కాలేజీలో వసుమతి చదువుకున్న ఇంగ్లీషు వేరు, ఇంగ్లండులోని వాల్వర్‌హాంప్టన్ ఆసుపత్రిలో ఏడేళ్లు పనిచేసి నేర్చుకున్న ఇంగ్లీషు వేరు. అక్కడ చేరిన మొదటి వారమే ఒక ముసలామె "స్పెండ్ ఎ పెన్నీ" అంటే, చిల్లర కావాలేమోనని పర్సు తీసింది. ఆమె వెళ్లాలన్నది బాత్‌రూమ్‌కి. నర్సులు పగలబడి నవ్వి, అప్పటినుంచి ఒక్కో మాటా నేర్పారు. ఒంట్లో బాగాలేకపోతే 'పూర్లీ', ఒళ్లు హూనమైతే 'నాకర్డ్', సంబరపడిపోతే 'చఫ్డ్'. ఎవరైనా తప్పతాగి తూలుతూ వస్తే 'పిస్డ్'. శనివారం సాయంత్రాలు ఈ చివరి మాటతోనే గడిచేవి.

1978లో భర్త శ్యామ్‌సుందర్‌కు అమెరికాలోని డెట్రాయిట్‌లో కార్ల కంపెనీ ఉద్యోగం వచ్చింది. ఆ పక్కనే ఫార్మింగ్టన్ హిల్స్‌లో కాపురం. వసుమతి అక్కడి పరీక్షలు రాసి, ముప్ఫై ఆరేళ్ల వయసులో మళ్లీ మొదటినుంచి, శిక్షణలో ఉండే రెసిడెంట్ డాక్టర్‌గా మొదలుపెట్టింది.

మరుసటి ఏడు మార్చిలో ఒక మధ్యాహ్నం, ఆమె పైఅంతస్తు వార్డులో ఉండగా ఎమర్జెన్సీ నుంచి నర్సు డోనా ఫోన్ చేసింది.

"డాక్టర్, ఆరో బెడ్ పేషెంట్‌కి కిడ్నీలో రాయి అనుకుంటున్నాం. త్వరగా రండి. హీ ఈజ్ రియల్లీ పిస్డ్."

"అంతగానా?"

"అవును. ఒకటే అరుపులు."

తాగిన మనిషికి మత్తు కలిగించే నొప్పి మందు పడితే ఊపిరికే ప్రమాదం. "అయితే నొప్పి ఇంజెక్షన్ ఇవ్వకండి. ముందు బ్లడ్‌లో ఆల్కహాల్ టెస్ట్ చేయండి," అంది వసుమతి.

చేతిలో పని ముగించుకుని వచ్చేసరికి అరగంట పట్టింది. ఆరో బెడ్‌లో నోవాక్ అనే అరవై ఏళ్ల మనిషి, మంచం కడ్డీ పట్టుకుని మెలికలు తిరిగిపోతున్నాడు. దగ్గరికి వంగి వాసన చూసింది. కాఫీ వాసన తప్ప మరేమీ లేదు. డోనాను గది బయటికి పిలిచింది.

"డోనా, తాగి ఉన్నాడన్నావుగా?"

"నేనా? పిస్డ్ అన్నాను. అంటే మ్యాడ్ అని."

"పిచ్చా?"

"పిచ్చి కాదు డాక్టర్, కోపం! రెండు గంటలుగా ఎవరూ చూడలేదని ఆయనకు కోపం!"

వసుమతి వెంటనే మందు తెప్పించింది. ఇంజెక్షన్ తనే చేసింది. నొప్పి సర్దుకున్నాక కుర్చీ లాక్కుని ఆయన పక్కన కూర్చుంది. చెప్పకపోతే ఆయనకు తెలిసే దారే లేదు. అయినా చెప్పింది.

"మిస్టర్ నోవాక్, మీరు అరగంట అనవసరంగా బాధపడ్డారు. తప్పు నాది. మీరు తాగి ఉన్నారనుకున్నాను."

ఎందుకు అనుకున్నదీ వివరించింది. ఆయన దిండు మీద ఆమె వైపు తిరిగాడు.

"ఇంగ్లండులో ఉన్నారా?"

"ఏడేళ్లు."

"నేను రెండేళ్లున్నాను. యుద్ధంలో విమానాల మెకానిక్‌ని. ఒకరింట్లో టీకి పిలిచారు. వానలో ప్యాంట్స్ తడిసిపోయాయన్నాను. ప్యాంట్స్ అంటే వాళ్లకు లోపల వేసుకునే డ్రాయరు. ఆ ఇంటావిడ ముఖం ఎర్రబడిపోయింది." నవ్వబోయి, నడుం పట్టుకుని ఆగాడు. "అయినా డాక్టర్, ఆ అరగంట మాత్రం నరకం."

 ఆ సాయంత్రమే వసుమతి జరిగింది జరిగినట్టు రాసి పెద్ద డాక్టర్‌కి ఇచ్చింది. ఆయన చదివి, "ఈసారి అనుమానం వస్తే అడుగు," అన్నాడు.

'అనుమానమే రాలేదు కదా, అదేగా చిక్కు,' అనుకుంది కారు నడుపుతూ.

ఆ తర్వాత లంచ్‌లో డోనా పక్కన కూర్చుని అమెరికా మాటలు అడిగి తెలుసుకునేది. ఇంట్లో మాత్రం పాత మాటలు పోలేదు. వాల్వర్‌హాంప్టన్‌లో పుట్టిన కూతురు రేణు ఒకరోజు విసుక్కుంది.

"మమ్మీ, టాయిలెట్‌ని 'లూ' అనకు. నా ఫ్రెండ్స్ లాఫ్ చేస్తున్నారు."

"నవ్వనీ. నువ్వు మొదట నేర్చిన ఇంగ్లీషు ముక్క అదే!"

1986లో ఎమర్జెన్సీకి వసుమతినే ఇన్‌ఛార్జ్‌ని చేశారు. ఫోన్‌లో పేషెంట్ గురించి చెబితే వెంటనే ఆర్డర్ ఇవ్వకూడదని, విన్నది తిరిగి అప్పజెప్పి అవునా కాదా అడగాలని నియమం పెట్టింది. కొత్త రెసిడెంట్ ఒకడు, ఇక్కడే పుట్టి పెరిగినవాడు, ఒకరోజు ఫోన్ మధ్యలో రిసీవర్‌ని చేత్తో మూసి, "నాకు ఇంగ్లీష్ వచ్చు కదా డాక్టర్!" అన్నాడు.

"నాకూ వచ్చు," అంది వసుమతి. "అడుగు."

అతను రిసీవర్ మళ్లీ చెవికి ఆనించుకుని అడిగాడు.