ఆమె ఫాంటు అన్నది, నేను పాయింటు అని రాసుకున్నాను

ఇరవై ఏళ్లు దాటింది. ఒక మనిషి నోటి దగ్గరి ముద్ద లాగేసి, ఆ సంగతి ఇంట్లో వాళ్లకు కూడా చెప్పకుండా మోసుకు తిరుగుతున్నాను. రిటైరయ్యాను. షుగరు వచ్చింది. కంటికి ఆపరేషన్ అయింది. ఇది మాత్రం ఎక్కడికీ పోలేదు. మీరెవరో నాకు తెలియదు, అదే మంచిదైంది. తెలిసినవాళ్లయితే మీ మొహం చూసి మాట మార్చేవాణ్ణి.

చేవెళ్లలో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెప్పేవాణ్ణి. నాకొక గుణం ఉన్నది, ముందే చెప్పేస్తాను. ఎవరైనా ఊరికే మంచిగా మాట్లాడితే, వీళ్లకు నాతో ఏం పనిపడిందా అని చూస్తాను. “దేవుడు ఎదురుంగ వచ్చి నిలబడ్డా రేషన్ కార్డు అడుగుతరు మీరు” అని మా ఆవిడ ఎగతాళి చేస్తుంటుంది. నవ్వేవాణ్ణి. ఆ గుణం ఎంత దూరం పోతుందో అప్పటికి నాకు తెలియదు.

అవి కంప్యూటర్ అంటే అందరికీ పూనకం వచ్చిన రోజులు. మెహిదీపట్నం పోయే దారిలో గోడ కనిపిస్తే చాలు, కోర్సుల ప్రకటన. మొయినాబాద్ చుట్టూ ఇంజనీరింగ్ కాలేజీలు లేస్తున్నాయి. మా కరస్పాండెంట్ కూడా ఐదు కంప్యూటర్లు కొని, ఒక గదిలో పెట్టి, గడప బయట చెప్పులు విడవాలని రూలు పెట్టాడు. ఆ గదికి మంజుల అనే అమ్మాయిని టీచర్‌గా తీసుకున్నాడు. డిప్లొమా చేసింది. రోజూ షాబాద్ నుంచి బస్సులో వచ్చేది.

కొన్నాళ్లకు కరస్పాండెంట్ నుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. మొయినాబాద్‌లో ఒక ఇంజనీరింగ్ కాలేజీవాళ్లు చుట్టుపక్కల టీచర్లను పిలుస్తున్నారు, మన స్కూలు నుంచి ఒకరు కంప్యూటర్ మీద పాఠం చూపించాలి, తెలుగు పాఠమైతే కొత్తగా ఉంటుంది, కనుక తెలుగు సార్ మంజుల దగ్గర పవర్‌పాయింట్ నేర్చుకోవాలి. స్టాఫ్‌రూంలో లెక్కల సార్ నా చెవిలో అన్నాడు: “పాఠమంత దాంట్ల ఎక్కించినంక ఇగ నీతోని ఏం పనుంటదే?” హాస్యానికే అన్నాడేమో. నాకు మాత్రం ఆ మాట ముల్లులా దిగింది.

ఆ రోజు నుంచి మంజులను వేరే కళ్లతో చూడడం మొదలుపెట్టాను. నేను గదిలోకి అడుగుపెట్టగానే తెర మీద ఏదో మూసేసేది. ఏం మూస్తున్నది? నేను పెట్టుకున్న పాఠం ఛందస్సు, ఉత్పలమాల. గురువంటే ఏంది సార్, లఘువంటే ఏంది, జర నాకు సమజయ్యేటట్టు చెప్పండి, అప్పుడే మంచిగ చేస్త అనేది. నాకెందుకో అనుమానం. దీనికి గణవిభజన ఎందుకు? రేపు నా కుర్చీలో కూర్చోవడానికి కాదు గదా? అయినా చెప్పాను. రెండు రోజుల్లో పట్టేసింది. నా పిల్లలకు మూడు వారాలు పడుతుంది. అది కూడా నాకు నచ్చలేదు.

ఇక నా సంగతి. మౌస్‌ను బల్ల చివరిదాకా జరిపి, ఇంకా జరపడానికి చోటు లేక చెయ్యి గాల్లో పెట్టుకుని కూర్చునేవాణ్ణి. ఆమె నవ్వేది కాదు. నవ్వకపోవడం కూడా నాకు అనుమానమే, మనసులో నవ్వుకుంటున్నదేమోనని. నేను కట్టుకున్న ఒక పద్యంలోని అక్షరాలు ఒక్కొక్కటే ఎగిరివచ్చి వరుసలో నిలబడేట్టు, వాటి నెత్తిన గురులఘువుల గుర్తులు టపటపా పడేట్టు చేసింది. ఇన్నేళ్లలో ఛందస్సు అంత స్పష్టంగా కళ్లకు కనిపించడం నేనే చూడలేదు. చాలా బాగుంది. బాగుందని ఆమెకు చెప్పలేదు.

మొయినాబాద్ పోయే ముందు రోజు సాయంత్రం, ఏది ముందు నొక్కాలో ఏది తర్వాత నొక్కాలో ఆమె చెప్తుంటే నోట్‌బుక్కులో నంబర్లు వేసి రాసుకుంటున్నాను. నెత్తిమీద ఫ్యాను రొద. బయట పీటీ సార్ విజిల్. చివర్లో ఆమె అన్నది: “సార్, ఫాంటు గూడ ఫ్లాపీల ఏస్కోండి. అది లేకుంటే ఆడ మీకు తెలుగు రాదు.”

పవర్‌పాయింట్ అనీ, పాయింట్లనీ పది రోజులుగా వింటున్న చెవులు నావి. పాయింటు అనే విన్నాను. పదకొండో నంబరు వేసి, ‘పాయింటు కూడా ఫ్లాపీలో వేసుకోవాలి’ అని రాసుకున్నాను. పాయింట్లన్నీ స్లైడ్లలోనే ఉన్నాయి గదా, ఇంకేం వేసుకోవాలి అని అడుగుదామనుకున్నాను. ఇంతలో రెండో మాట బుర్రకెక్కింది. నాకు తెలుగు రాదా? ఇరవై ఏళ్లుగా తెలుగు చెప్తున్నవాణ్ణి పట్టుకుని, నిన్నగాక మొన్న వచ్చిన పిల్ల తెలుగు రాదంటుందా? అక్షరాలు తెర మీదికి రావు అని ఆమె చెప్తున్నది. నాకు వచ్చు, రాదు అనే అర్థమొక్కటే వినిపించింది. పుస్తకం మూసి, ఫ్లాపీ తీసుకుని, చెప్పులు వేసుకుని వచ్చేశాను. వెనక నుంచి సార్, సార్ అని రెండుసార్లు పిలిచింది. తిరిగి చూడలేదు.

మర్నాడు ఆ కాలేజీ హాల్లో ఫ్లాపీ పెట్టి, రాసుకున్న ప్రకారం నొక్కాను. తెలుగు లేదు. ఇంగ్లీషు అక్షరాలు, డాలర్ గుర్తులు, చుక్కలు పెట్టుకున్న ఏవేవో వింత ఆకారాలు. అవి కూడా ఊరికే రాలేదు, ఆమె నేర్పిన తీరుగానే ఒక్కొక్కటే ఎగిరివచ్చి వరుసలో నిలబడుతున్నాయి. గురులఘువుల కోసం ఇంగ్లీషులో కొట్టిన యూ, ఐ మాత్రం చక్కగా వాటి నెత్తిన పడుతున్నాయి. పడినప్పుడల్లా హాలు గొల్లుమంటున్నది. ఆపుదామంటే ఆపడం నాకు రాదు. “ఇది ఏ భాష సార్?” అని ముందు వరుసలోంచి ఎవరో అడిగారు. పద్యం పూర్తయ్యేదాకా అట్లాగే నిలబడ్డాను.

బస్సులో తిరిగి వస్తుంటే నా లెక్క తేలిపోయింది. కావాలనే చేసింది. నా పరువు తీసి, నా స్థానం కొట్టేయడానికి చేసింది. కరస్పాండెంట్ అడిగాడు: “ఆ పిల్ల నీకు ముందుగాల ఏమన్న చెప్పిందా సారూ?”

“ఏం చెప్పలే” అన్నాను.

అప్పటికి అది అబద్ధమా? ఇన్నేళ్లుగా ఈ ఒక్క చోట తచ్చాడుతున్నాను. నాకు అర్థం కాలేదు కాబట్టి చెప్పనట్టే అని ఒకసారి అనుకుంటాను. చెప్పిందని తెలిసే అన్నావు గదరా అని ఇంకోసారి. ఆ వారంలోనే మంజులను తీసేశారు.

పది రోజుల తర్వాత, స్కూల్లో ఎవరూ చూడకుండా ఆ ఫ్లాపీ తెచ్చి, మంజుల ఆ పాఠం చేసిన కంప్యూటర్‌లోనే పెట్టాను. ఆమె ఏం పాడుచేసిందో పట్టుకుందామని. పద్యం చెక్కుచెదరకుండా వచ్చింది. పైన ఉన్న మెనూలో ఒక్కో మాటా కూడబలుక్కుంటూ పోయాను. ఫాంట్. మళ్లీ చదివాను. సంచిలోంచి నోట్‌బుక్కు తీసి పదకొండో నంబరు చూశాను. అప్పట్లో తెలుగు అక్షరాల ఫాంటు ఏ కంప్యూటర్‌కు ఆ కంప్యూటర్‌లో విడిగా వేసుకోవాలి, లేకపోతే అన్నీ పిచ్చి గీతలే వస్తాయి. ఆమె చెప్పింది అదే. ఫ్లాపీ, నోట్‌బుక్కు రెండూ సంచిలో పెట్టేశాను.

కరస్పాండెంట్ గది రెండు గదుల అవతలే ఉన్నది. లేచి వెళ్లి నాదే తప్పు అంటే సరిపోయేది. ఎందుకు పోలేదు? ఉద్యోగం పోతుందని కాదు, అట్లా చెప్పుకుంటే కొంచెం మర్యాదగా ఉంటుంది గానీ నిజం కాదు. ఫాంటుకూ పాయింటుకూ తేడా తెలియని తెలుగు సార్ అని స్టాఫ్‌రూంలో నవ్వుతారని పోలేదు, అంతే.

ఆ తర్వాతి శనివారం చేవెళ్ల బస్టాండులో మంజుల నాకోసం నిలబడి ఉన్నది. హైదరాబాద్‌లో ఒక కంపెనీవాళ్లు ఇంటర్వ్యూకు పిలిచారట. అనుభవం ఉన్నట్టు స్కూలు నుంచి కాగితం కావాలి. తెలుగు సార్ ఒక్క మాట చెప్తే ఇస్తానన్నాడట కరస్పాండెంట్. నన్ను చూసి తెర మీద మూసేసేది తన బయోడేటానేనని అప్పుడు ఆమె చెప్తేనే తెలిసింది.

“సార్, ఫాంటు ఏస్కోమని మీకు చెప్పిన గద?”

“నాకు యాదికి లేదమ్మా.”

“జర యాది చేస్కోండి సార్. మీరు నోట్‌బుక్కుల గూడ రాస్కున్నరు.”

“అది ఎటో పోయింది.”

నోట్‌బుక్కు నా భుజానికున్న సంచిలోనే ఉన్నది. సంచి చూపించమంటుందని గట్టిగా పట్టుకున్నాను. ఆమె సంచి వైపు చూడనే లేదు. నా మొహంలోకి చూసింది.

“పోనియ్యండి సార్. మీ మీద నాకేం అనుమానం లేదు. మరిచిపోయిండ్రు, గంతే.”

షాబాద్ బస్సు వచ్చింది. ఎక్కి వెళ్లిపోయింది.

తర్వాత ఏమైందో నాకు తెలియదు. ఎక్కడో జిరాక్స్ షాపులో టైపింగ్ చేస్తున్నదని ఒకరన్నారు, పెళ్లయి వెళ్లిపోయిందని ఇంకొకరు. షాబాద్ ఎంత దూరం? ఒక్కసారి కూడా పోలేదు. నేను మాత్రం పవర్‌పాయింట్ బాగా నేర్చుకున్నాను. ఆ నోట్‌బుక్కు చూసే నేర్చుకున్నాను. తర్వాత వచ్చిన టీచర్లందరికీ నేనే నేర్పాను. ఫాంటు మరిచిపోవద్దని చెప్పినప్పుడల్లా, ఎంత బాగా గుర్తుచేశారు సార్ అనేవాళ్లు. ఎవరు చెప్పారో చెప్పలేదు.

ఇప్పుడు ఎందుకు రాస్తున్నాను? పేరు లేకుండా రాస్తే పట్టుబడననే ధైర్యంతోనేమో. ఆమె చదవదనే నమ్మకంతోనేమో. మనుషులందరినీ అనుమానించినవాణ్ణి, నన్ను వదిలిపెడతానా? మీరు క్షమించడానికి ఇది మీ సంగతి కాదు. అడగడం లేదు. రాస్తుంటే ఊపిరి కొంచెం ఆడుతున్నది, అది మాత్రం నిజం.

మంజులా, నేను మరిచిపోలేదు. ఆ రోజు బస్టాండులో కూడా మరిచిపోలేదు.