నడవాలో నేర్చిన దరువు

మార్లీస్‌కి అరవయ్యొక్క ఏళ్ళు. బాసెల్ ఊళ్ళో కళ్ళద్దాల కొట్లో నలభై ఏళ్ళు పనిచేసి, ఉద్యోగం మానేసిన మర్నాడే వెళ్ళి డ్రమ్ము పుల్లలు కొనుక్కొచ్చింది.

"నీకేమైనా మతి పోయిందా?" అంది అక్క రోస్‌మరీ.

"పోయింది. తొమ్మిదేళ్ళప్పుడే పోయింది," అంది మార్లీస్.

అబద్ధం కాదు. ఆ వయసులో ఈ పిల్ల డ్రమ్ము నేర్పండని ఊరి పండగ బృందం వాళ్ళ దగ్గరికి వెళితే, "ఆడపిల్లలు ఊదాలమ్మా, కొట్టేది మగపిల్లలు" అని చేతిలో జానెడు పిక్కోలో పెట్టి పంపించారు. అంతకుముందే అక్కకి ఆ పిల్లనగ్రోవి భేషుగ్గా అబ్బింది. చెల్లెలి నోట్లో మాత్రం తుస్సుమనడం తప్ప ఇంకో ముక్క పలకలేదు. అప్పట్నించీ ఏటా ఫాస్నాఖ్ట్ వేషాల పండగ మూడు రోజులూ అక్క బొమ్మముఖం తగిలించుకుని ఊదుకుంటూ ఊరేగడం, చెల్లెలు రోడ్డు పక్కన ఫ్లాస్కు పట్టుకుని నిలబడడం. అక్క వేషాలన్నీ కుట్టింది కూడా చెల్లెలే. యాభై ఏళ్ళు! ఎవరికైనా కడుపు మండదూ?

సరే, కాలం మారింది, బృందం ఆడవాళ్ళని కూడా డ్రమ్ములకి తీసుకుంటోంది. నేర్చుకోవడమే బ్రహ్మప్రళయం. అసలు డ్రమ్ము ఇంట్లో కొడితే మేడంతా దిగొచ్చి మీద పడుతుంది కాబట్టి, చెక్కకి రబ్బరు బిళ్ళ అతికించి దాని మీద సాధన. మొదటేడాది వంటింటి బల్ల దగ్గర కూర్చుని కొట్టింది. కుడిచెయ్యి బుద్ధిగా విన్నది. ఎడంచెయ్యి పిలిస్తే పలకలేదు. కాఫీ కప్పు మాత్రం గంతులేసి గంతులేసి ఒకనాడు కిందపడి చచ్చింది. రెండో ఏటికి ఒక చరణం పడింది. మూడో ఏటికి పాట పూర్తిగా వచ్చింది, ఇక నడుస్తూ కొట్టాలి. బిళ్ళని నడుముకి కట్టుకుని ఇంటి నడవాలో అటూ ఇటూ తిరగడం మొదలెట్టింది. ఆ మేడ కట్టుబాటు ప్రకారం మధ్యాహ్నం పన్నెండు నించి ఒంటిగంట దాకా చప్పుడు చెయ్యకూడదు, ఆదివారం అసలే కూడదు. ఎదురింటి షౌబమ్మ గారు ఆ సంగతి కాగితం మీద రాసి, మేడలో అందరూ వాడే బట్టలుతికే గది తలుపుకి అంటించారు. ఎవరి పేరూ రాయలేదు గానీ ఎవరి గురించో మేడంతటికీ తెలుసు.

ఆ శరదృతువులో రోస్‌మరీ సూపు తాగుతూ తాగుతూ చెంచా కింద పెట్టింది. "వేళ్ళు ముడుచుకోవట్లేదే. ఈ ఏడే ఆఖరు."

మార్లీస్ కూడా చెంచా కింద పెట్టేసింది. అక్క మానేస్తే ఇంక తను ఎవరి వెనక నడుస్తుంది? జన్మలో ఒక్కసారి, అక్క ఊదుతుంటే తను కొడుతూ ఒకే వీధిలో నడవాలి. ఆమె కోరికల్లా అదే, ఇక అది ఈ ఏడే తీరాలి.

డ్రమ్ముల పెద్ద ఎర్విన్ దగ్గర ఆ పప్పులేం ఉడకవు. పండగ ముందు ఆదివారాలు ఊరి బయట అడవిదారిలో నడక సాధన పెడతాడు. అక్కడ తడబడినవాళ్ళు ఆ ఏడాది డ్రమ్ము దించేసి, ఊరేగింపు ముందు నడుస్తూ జనానికి కరపత్రాలు పంచాలి.

మొదటి ఆదివారం మార్లీస్ అసలు డ్రమ్ము భుజాన వేసుకుంది. చలికి ముక్కు ఎర్రబడింది. ఎడంచెయ్యి కూడా బుద్ధిగా ఉంది. మొదటి చరణం నున్నగా సాగింది. చరణం అయిపోగానే మార్లీస్ చక్కగా, ఏ తడబాటూ లేకుండా, గిరుక్కున వెనక్కి తిరిగింది.

వెనక వరస వచ్చి మీద పడింది. డ్రమ్ముకి డ్రమ్ము కొట్టుకుని అడవంతా దద్దరిల్లింది.

"ఎక్కడికమ్మా, ఇంటికా?" అని అరిచాడు ఎర్విన్.

రెండోసారీ అంతే. పాపం, ఆమె తప్పేముంది! ఇంటి నడవా నడిస్తే పదహారడుగులు, చరణమూ పదహారడుగులే. మూడు నెలలుగా చరణం ముగిసేసరికి వీధి తలుపు ఎదురయ్యేది, వెనక్కి తిరిగి మళ్ళీ మొదటి చరణమే ఎత్తుకునేది. చేతులతో పాటు కాళ్ళు కూడా పాఠం నేర్చేసుకున్నాయి.

"మార్లీసూ, నీ చేతులకి వంక పెట్టను," అన్నాడు ఎర్విన్. "వచ్చే ఆదివారం కూడా తిరిగావో, చేతికి కరపత్రాలు ఇస్తాను. మళ్ళీ నన్ను తిట్టుకోకు."

ఇంటికొచ్చి ఏడ్చింది. ఏడ్చి, భోజనాల బల్ల చుట్టూ తిరిగి చూసింది. తిరగడం పోయింది గానీ ఎడమకి ఒరిగిపోవడం పట్టుకుంది. ఇదెక్కడి గోలరా దేవుడా అని మళ్ళీ నడవాలోకే వచ్చింది. మంగళవారం తలుపు దాకా వచ్చి, పళ్ళు బిగబట్టి, అయినా తిరిగిపోబోతుంటే ఎవరో తలుపు కొట్టారు.

షౌబమ్మ గారు. నడుముకి ఏప్రానూ, చంకలో కొలత టేపూ!

"ఒంటిగంట దాటిందండీ," అంది మార్లీస్ ముందే.

"తెలుసు. రోజూ ఇక్కడిదాకా వస్తారు, ఆగుతారు, మళ్ళీ మొదట్నించి మొదలెడతారు. మూడు నెలలై వింటున్నాను. దాని తర్వాత ఏమొస్తుందో ఇంతవరకు నాకు తెలీదు! నిద్ర పట్టట్లేదు."

"నడవా అయిపోతుంది కదండీ."

"నాది ఖాళీగానే ఉందిగా," అంటూ ఆవిడ వెనక్కి చెయ్యి చూపించింది. ఒకే అంతస్తులో ఎదురెదురు ఇళ్ళు. రెండు తలుపులూ తీస్తే మార్లీస్ నడవా, మెట్ల దగ్గరి చోటు, షౌబమ్మ నడవా ఒకే గీత మీద ఉన్నాయి. "కొలిచాను. పంతొమ్మిది మీటర్లు. గొడుగుల స్టాండు కూడా తీసేశాను. రండి. బూట్లు తుడుచుకోండి."

మొదటిరోజు గడప దగ్గర మార్లీస్ కాళ్ళు మొరాయించాయి. షౌబమ్మ అవతలి చివర కుర్చీ వేసుకుని కూర్చుని, "నన్ను చూడండి, తలుపుని కాదు!" అని అదిలించింది. శుక్రవారానికి చరణం గడప దాటింది. రెండో చరణం చివరిదాకా విని, "ఓస్, ఇంతేనా!" అని పెదవి విరిచిందావిడ. అయినా శనివారం మళ్ళీ తలుపు తీసింది.

ఆదివారం మార్లీస్ తిరగలేదు. ఎర్విన్ ఏమీ అనలేదు. ఎర్విన్ ఏమీ అనకపోవడమంటే మెడలో దండ వేసినట్టే.

పండగ సోమవారం మధ్యాహ్నం వీధంతా రంగుకాగితాల వాన. అందరివీ ఒకే రకం బొమ్మముఖాలు, పొడుగు ముక్కు, పసుపు జుట్టు. ఊరేగింపులో వాటిని తియ్యకూడదు. ప్రాణం పోతున్నా సరే. ముందు పిక్కోలోలు, వెనక డ్రమ్ములు. ఊదేవాళ్ళ చివరి వరసలో ఎడమనించి మూడోది అక్క. కుడిపాదం కొంచెం పక్కకి పెట్టే ఆ నడక ఆమెదే. మొదటి చరణం అయిపోయింది, రెండోదీ అయిపోయింది, వంతెన వచ్చింది, వంతెనా దాటారు. మార్లీస్‌కి కళ్ళనీళ్ళు ఆగలేదు. తుడుచుకుందామంటే మీద బొమ్మముఖం, రెండు చేతుల్లోనూ పుల్లలు. ఇరవై పిక్కోలోల్లో ఒక్కటి మాత్రం తనకి విడిగా, తీయగా వినిపిస్తోంది. అది అక్కదే. చిన్నప్పట్నించీ విన్నది కాదూ!

ఆగినచోట, ఒక హోటల్ వెనకగదిలో, ఇద్దరూ బొమ్మముఖాలు తీసి పిండిసూపు ముందు కూర్చున్నారు. ఏడ్చి ఏడ్చి మార్లీస్ ముఖమంతా వాచిపోయి ఉంది.

"అక్కా, ఎంత బాగా ఊదావే! అందరిలోనూ నీదే వినిపించింది. వంతెన మీద అయితే..."

రోస్‌మరీ రెండు చేతులూ బల్ల మీద పెట్టింది. వేళ్ళు వాచి, వంకరగా, చెంచా కూడా పట్టుకునేలా లేవు.

"ఒక్క ముక్క ఊదలేదే," అంది. "క్రిస్మస్ నించీ అసలు రావట్లేదు. ఊరికే నోటి దగ్గర పెట్టుకుని నడిచాను."

మార్లీస్ ఆ వేళ్ళని ముట్టుకుని చూసింది. "మరి ఎందుకొచ్చావే ఈ చలిలో?" అంది.

"వెనక నువ్వు కొడుతుంటే ముందు నడవడానికి ఎవరో ఒకరు ఉండాలిగా, మొద్దూ."

అక్క చెంచాని మార్లీస్ తన చేతిలోకి తీసుకుని, ఆమెకి పట్టడానికి సూపు ఊదింది.