ఫ్లారెన్సమ్మ సింకులో పోసిన మందులు

మదనపల్లెలో మందుల విషయంలో ఫ్లారెన్సమ్మకున్నంత పట్టింపు ఇంకెవరికైనా ఉందా అంటే, లేదనే చెప్పాలి. ఊరి చివర కాలనీని ఆనుకుని ఉన్న ఓ చిన్న ఆసుపత్రిలో ఆమె కాంపౌండరు. గడువు తీరిన మందు కనబడితే చాలు, కళ్ళెర్రజేసేది. పాత సీసాలు కొనేవాళ్ళు వాటిని సంతల్లో మళ్ళీ అమ్ముతారని ఆమెకు గట్టి అనుమానం. అందుకే నెలాఖరున మాత్రలన్నీ కల్వంలో నూరి, సిరప్పు సీసాల మూతలు విప్పి, అన్నీ సింకులో పోసి ధారాళంగా నీళ్ళు వదిలేది. ఆ పని ఇంకొకరి చేతికి ఇస్తే ఒట్టు!

ఆ నీళ్ళూ, కాలనీ మురుగూ కలిసి దిగువనున్న శుద్ధి ట్యాంకుకు పోతాయి. అక్కడ మురుగు కుళ్ళకుండా గాలి కొట్టే మోటర్లు చూసుకునేవాడు మునెయ్య. శుద్ధయిన నీళ్ళతో కింది పొలాలవాళ్ళు పశువులకు గడ్డి పెంచుకునేవారు. 2002లో ఆసుపత్రిలో యాంటీబయాటిక్ స్టాకు గడువు తీరి మిగిలిపోయి, నెలనెలా బోలెడు పారబోయాల్సి వచ్చింది. ఆ ఎండాకాలమే ట్యాంకు కంపు కొట్టడం మొదలైంది. ముక్కు మూసుకున్నా ఆగని కంపు! మునెయ్య మోటర్లు ఆపేసి నిద్రపోతున్నాడని కాలనీవాళ్ళు ఫిర్యాదు చేశారు. సోమవారం ఇంజనీరు వస్తున్నాడు. వచ్చాడంటే మునెయ్య పని ఊడినట్టే.

ఆ ముందు శనివారం కాలికి గాజుపెంకు గుచ్చుకుని మునెయ్య ఆసుపత్రికి వచ్చాడు. ఫ్లారెన్సమ్మ కట్టు కట్టి, మాత్రలు చేతిలో పెట్టి, అందరికీ చెప్పే పాఠమే మొదలుపెట్టింది.

"నొప్పి తగ్గిందని మధ్యలో ఆపితే ఊరుకోను. పుండులో కంటికి కనబడని పురుగులన్నీ సచ్చేదాకా మింగాల. తెలిసిందా అప్పా?"

"మింగుతానమ్మా. నా కర్మ సూడండి, మీరు పురుగుల్ని సంపమంటారు, మా ట్యాంకులో పురుగులు బతికితే సాలని నేను మొక్కుకుంటాండా. మురుగును తినేది అవే గదా, అవి లేకుంటే కంపే. కొత్త పురుగులు పుట్టాలని పుంగనూరులో మా బామ్మర్ది ఆవుల పేడ తెచ్చి కలిపి పోస్తా. కొన్నాళ్ళు బాగుంటాది. నెలాఖరు దాటితే మళ్ళీ సచ్చిపోతాండాయి. యాల సస్తాండాయో!"

ఫ్లారెన్సమ్మ సింకువైపు చూసింది. నాలుగు మాత్రలు ఒక పుండును మాన్పితే, కల్వంనిండా నూరిన పొడి ఏం చేస్తుంది? ప్రభువా, నేనేనా! ఇన్నాళ్ళూ ఊరిని కాపాడుతున్నానని మురిసిపోయింది. చేసిందేమో ఒక మనిషి కడుపు కొట్టడం.

ఆదివారం ప్రార్థన కాగానే ఆసుపత్రి డాక్టరు శరత్ బాబుకు చెప్పింది. ఆయన గొంతు తగ్గించి, "ఎవురికీ తెలీదు గదమ్మా. ఇకమీద పోయకండి. ఊరుకుంటే కంపు అదే పోతాది" అన్నాడు.

"ఊరుకుంటే మునెయ్య పోతాడు సార్" అంది ఆమె.

సోమవారం ట్యాంకు గట్టుమీద కాలనీ అంతా గుమికూడింది. ఫ్లారెన్సమ్మ నేరుగా ఇంజనీరు ముందుకెళ్ళి నిలబడింది.

"ఈయప్ప తప్పేమీ లేదు సార్. పురుగుల్ని సంపింది నేను. పాత మందులన్నీ సింకులో పోసినా."

ఎంత ధైర్యమండీ! తప్పు తన నెత్తిన వేసుకోడానికి అంత దూరం నడిచొచ్చే మనిషిని ఆ కాలనీ అంతకుముందు చూసి ఉండదు.

ఇంజనీరు మునెయ్య జోలికి పోలేదు. ఫ్లారెన్సమ్మకు విడమరిచి చెప్పాడు: "ఈ పురుగులు మందును కొంత తింటాయమ్మా, అంతా తినలేవు. మిగిలింది నీళ్ళలోనే కిందికి పోతాది. మనం మింగిందాంట్లో కొంత ఒంట్లోనుంచి కూడా ఈడికే వస్తాది. దాన్ని ఆపలేం. పారబోసేది ఆపితే చానా మేలు."

అంతే, ఆమె పట్టింపంతా ఆ పక్కకు మళ్ళింది. పాత మందులకు తాళం వేసిన డ్రమ్ము పెట్టించి, కాల్చేందుకు కంపెనీలకే తిప్పి పంపించేది. ఇంటింటికీ తిరిగి, మందులు మోరీలో వేస్తే ఊరుకోనని చెప్పేది. కుప్పంలో వైద్య శిబిరానికి వెళ్ళినా అదే పాట. ట్యాంకు కోలుకుంది, మునెయ్య పని నిలబడింది.

రిటైరయ్యాక ఒకసారి ఆమెకు జలుబు ముదిరి ఊపిరితిత్తులకు పాకింది. డాక్టరు గట్టి యాంటీబయాటిక్ రాశాడు. మొదటి మాత్ర మింగకముందే శాలువా కప్పుకుని, దగ్గుకుంటూ ట్యాంకు దగ్గరికి పోయింది.

"మునెయ్యా, నా వల్ల నీ పురుగులకు మళ్ళీ కష్టమప్పా. ఈ మందు మింగక తప్పేట్టు లేదు."

మునెయ్య గబగబా వచ్చి, కూర్చోమని తన స్టూలు వేశాడు.

"మీ ఒక్కరి మందు అవి తట్టుకుంటాయమ్మా. మధ్యలో ఆపినారంటే మాత్రం నేను ఊరుకోను."