ఐదో ఎర్రదారం

మనిషి చెప్పినదీ, చెప్పాలని తోచక వదిలేసినదీ రెండూ ఎరిగిన అల్లాహ్‌కే సమస్త స్తుతి. ఆయన కాపాడకపోయి ఉంటే ఈ నాలుగు మాటలు రాయడానికి నాకు మొహం ఉండేది కాదు.

ఎనభైలలో వరంగల్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు కంప్యూటర్ వచ్చింది. ఏ మంచానికి ఏ సూదిమందో అట్టకార్డుల మీద రాసుకునే పద్ధతి మానిపించి, రోజూ పొద్దున్నే జాబితా అచ్చయ్యేలా ప్రోగ్రాం రాయడం నా పని. ఏమేం కావాలో తెలుసుకోవడానికి నెల రోజులు డాక్టరు గదిలోనే కూర్చున్నాను. ఆయన చెప్పాడు, నేను రాసుకున్నాను, కింద సంతకం పెట్టించుకున్నాను. వార్డులో అడుగు పెట్టలేదు.

చివరికి కంప్యూటర్‌లోకి ఎక్కించడానికి కార్డులన్నీ నా బల్ల మీదికి వచ్చాయి. కొన్నింటి మూలన ఎర్రదారం కట్టి ఉంది. కట్ట సరిగ్గా కూర్చోవడం లేదని దారాలు విప్పి చెత్తబుట్టలో పడేశాను.

మర్నాడు నర్సు, అంచుల వెంట బెజ్జాలున్న కంప్యూటర్ కాగితం మీద అచ్చయిన మొదటి జాబితా పట్టుకుని వార్డులోకి వెళ్లింది. గదులు ఊడ్చే ముసలి ఆయా నా దగ్గర ఆగి పిడికిలి విప్పింది. చెత్తబుట్టలోంచి ఏరిన ఐదు దారాలు.

"నీ కాయితానికి అంచు పొంటి గిన్ని బొక్కలున్నయి. వీటిని ఏ బొక్కకు కట్టాలె బిడ్డా?"

నవ్వాను. "దారమెందుకవ్వా, అంతా మిషన్ల ఉన్నది."

"మిషన్ మస్తు సదువుకున్నదే. పెన్సిలిన్ సూది ఎవలికి పడదో దానికెవలు జెప్పిన్రు? అసోంటోళ్ల కార్డుకే గదా నేను దారం కట్టేది."

దారం చూడగానే అందరికీ తెలుస్తుంది గనుక ఎవరూ ఎక్కడా రాయలేదు. నాకు చెప్పాలని డాక్టరుకూ తోచలేదు. పరుగెత్తాను. నర్సు అప్పటికే మొదటి మంచం మీది మనిషి చేయి దూదితో తుడుస్తోంది.

"ఆపండి సిస్టర్!"

డాక్టరు వచ్చి ఆ సూది అందరికీ ఆపించాడు. ఆయా నలుగురిని చూపించింది. ఐదోది నిన్న ఇంటికి పోయినామెదా, కిటికీ పక్క మంచం మీద ఉన్నాయనదా, ఆయాకు యాదికి రాలేదు. కిటికీ పక్కాయన ఎనుమాముల మార్కెట్లో మిర్చి బస్తాలు మోసే హమాలీ. కాలు చీము పట్టింది, జ్వరంలో మాట లేదు, పక్కన మనిషి లేడు. ఆ సూది వేయకపోతే కాలు దక్కడం కష్టం. ఐదో దారం ఆయనదే అయితే, వేస్తే ఊపిరే పోవచ్చు.

చర్మం కింద ఒక్క చుక్క ఎక్కించి చూద్దామన్నాడు డాక్టరు. నేను ఆ చేతి పక్కనే కూర్చుని, నా తప్పుకు ఇతన్ని శిక్షించకు ప్రభూ అని వేడుకుంటూ ఉన్నాను. కాసేపటికి సూది గుచ్చిన చోట ఎర్రగా దద్దురు లేచి, చూస్తుండగానే రూపాయి బిళ్లంత అయింది.

"ఖరీదైనా సరే, బయటి నుంచి వేరే మందు తెండి," అన్నాడు డాక్టరు.

ఆయా ఐదో దారం మంచం కమ్మీకి కట్టింది. "ఇగ రాస్కో బిడ్డా. ఇంకేం ఇడిసిపెట్టినవో?"

కార్డులు మళ్లీ వార్డుకు వెళ్లాయి. నేను వార్డులో స్టూలు వేసుకుని, కొంచెం కొంచెం రాసి, ఏ రోజుకారోజు అచ్చు తీసి, చదువు రాని ఆ ఆయాకు చదివి వినిపించాను. రోజూ అదే ప్రశ్న అడిగేది. ఆ తర్వాత ఎన్నో చోట్ల ఎన్నో రాశాను. ఎక్కడ ఎవరి దారం తెంపేశానో నాకు తెలియదు.

ఇది చదివినవారు నాతోపాటు చేతులెత్తండి. నేను అడగక వదిలేసిన మాట ఏ మంచం మీది మనిషినీ తాకకుండా అల్లాహ్ అడ్డు నిలవాలని. ఆమీన్.