కొమురవ్వ వంత

“స్టూడియోల ‘అవ్వా, సప్పుడు జెయ్యకు’ అన్నరు తమ్మీ. ఆమె ఊకుంటదా? వంత లేకుంటే పాడేటోనికి నామోషీ అని ఆమె లెక్క. నేను ఎత్తుకోంగనే అందుకున్నది!”

నాచారం ఫ్యాక్టరీ కార్మికుడు ఐలయ్య పక్కింటి కుర్రాడితో ఈ మాట చెబుతూ నవ్వబోయి ఆగిపోయాడు. జనగామ పల్లెల్లో పాడిన రోజుల నుంచీ ఆయనకు వంత పాడింది భార్య కొమురవ్వే. స్టూడియోవాళ్లు ఆమె గొంతు తీసేసి, కోరస్ అమ్మాయిలతో పాడించారు. 2009లో సీడీ విడుదలయ్యేనాటికి కొమురవ్వ లేదు.

ఆయన సీడీ పెట్టాడు. చరణం ముగియగానే అలవాటుగా పక్కకు తిరిగాడు. అమ్మాయిలు చక్కగా అందుకున్నారు.

“ఆడివిల్లలు మంచిగనే పాడిన్రు, తప్పేం లేదు. గానీ నాకు ఇనబుద్ధి కాదు. ఉప్పల్ల ఆ స్టూడియో నీకెరుకే గద. జర పోయిరా తమ్మీ. ఆమె గొంతు కంప్యూటర్ల ఇంక ఉన్నదేమో అడుగు.”