నీరటి కూతురి చెరువు

మా బడిలో సైన్స్ ప్రదర్శనకు కలెక్టరుగారే వచ్చారని నేను చాలామందికి చెప్పాను. కారు దిగి, నా భుజం మీద చెయ్యి వేసి, "మాస్టారూ, ఇలాంటి పిల్లల్ని ఎక్కడినుంచి పట్టుకొచ్చారు?" అన్నారని కూడా చెప్పాను. కలెక్టరు రాలేదు. మండల విద్యాధికారి వస్తానన్నారు, ఆయనా రాలేదు. వచ్చింది సఫారీ సూటు వేసుకున్న ఒక స్థలాల వ్యాపారి. బహుమతులకు స్టీలు టిఫిన్ బాక్సులు ఇచ్చింది ఆయనే కాబట్టి ముఖ్య అతిథీ ఆయనే, న్యాయనిర్ణేతా ఆయనే.

తొంభైల చివరి సంగతి. ఖాజాగూడ అవతల, పేరు చెప్పదలుచుకోని ఒక ఊళ్ళో సర్కారు బడి. నేను సోషల్ మాస్టారిని. బోరబండలో కిరాయికి ఉంటూ రోజూ స్కూటరు మీద మాదాపూర్ రాళ్ళ మధ్యనుంచి వచ్చేవాణ్ణి. దారి పొడుగునా బండలు పేలుస్తుండేవారు. నిన్న చూసిన గుట్ట ఇవాళ ఉండేది కాదు. పాఠం మధ్యలో దూరంగా ఢామ్మనేది, కిటికీ ఊచలు సన్నగా మోగేవి. మొదట్లో పిల్లలు ఉలిక్కిపడేవారు. తర్వాత తలైనా ఎత్తకుండా రాసుకుపోవడం మొదలుపెట్టారు. నాకు పేలుడు కంటే అదే ఎక్కువ భయంగా ఉండేది.

సైన్స్ మాస్టారి పోస్టు ఖాళీ కనుక ప్రదర్శన బాధ్యత నా నెత్తిన పడింది. ఆ ఏడు అంశం 'మన ఊరి నీళ్ళు'. తొమ్మిదో తరగతి అమ్మాయి ఒకతె, పాత తలుపు చెక్క మీద ఊరి చెరువును దించేసింది. చెరువు మట్టితోనే కట్ట, అగ్గిపెట్టెలతో ఇళ్ళు, నీళ్ళకు నీలం రంగు. ఆ అమ్మాయి తండ్రి ఊరి నీరటి. అంటే తూము తీసి, మూసి, పొలాలకు నీళ్ళు పంచే మనిషి. వాళ్ళ గుడిసె కట్ట చివర, నీటి అంచున ఉండేది. నీలం రంగు సరిగ్గా ఆ అగ్గిపెట్టె గడప దాకా వచ్చి ఆగింది.

సఫారీ ఆయన మిగతా బల్లలన్నీ చకచకా దాటి దీని ముందు ఆగాడు.

"ఏమ్మా, చెరువు నిండితే నీళ్ళు ఎక్కడిదాకా వస్తాయి?"

"ఈడిదాంక సార్. మా గడపకు తగుల్తయ్. తగిలినయంటే మా నాయిన పోయి తూము తీస్తడు. గందుకే మా తాత ఆడ కట్టిండు ఇల్లు."

"అంటే మీ ఇల్లు చెరువులోనే ఉందన్నమాట."

"అవ్ సార్, అంచుకే!" పిల్ల నవ్వింది.

"శభాష్. ఇంకోసారి చెప్పమ్మా, మావాడు కూడా వింటాడు."

వెనక చేతులు కట్టుకుని నిలబడ్డ మనిషి ముందుకొచ్చి విన్నాడు. పిల్ల మళ్ళీ అంతా చెప్పింది, ఈసారి ఇంకా వివరంగా. మేమంతా చప్పట్లు కొట్టాం. మొదటి బహుమతి దానికే.

ఆ వారంలోనే నీరటి బడికొచ్చాడు. తువ్వాలు చేతిలో నలుపుతూ వరండాలో నిలబడ్డాడు.

"సారూ, టేపు పట్టుకుని మనుషులొచ్చిండ్రు. మీ ఇల్లు శిఖంల ఉన్నది, లేవాలె అంటుండ్రు. ఎవరు చెప్పిండ్రని అడిగితే, మీ బిడ్డనే నలుగుర్ల చెప్పింది గదా అంటుండ్రు."

శిఖం అంటే చెరువు నిండినప్పుడు నీళ్ళు నిలిచే భూమి. అక్కడ ఇల్లు కట్టుకునే హక్కు ఎవరికీ ఉండదు. తాత కట్టిన ఇల్లయినా సరే.

"జిల్లా పోటీకి తీస్కపోతరంట గద. ఆ నీలం రంగు జర ఎనక్కి జరపమనుర్రి సారూ. మీరు చెప్తే ఇంటది."

అమ్మాయిని పిలిపించాను. విని, తండ్రి వైపు తిరిగింది.

"నీళ్ళు ఆడిదాంక రావా నాయినా?"

"ఎందుకు రావు, వస్తయ్."

"మరెట్ల జరపాలె?"

అప్పుడు నేను సత్యం గురించి గొప్ప ఉపన్యాసం ఇచ్చానని, ఇద్దరూ కళ్ళు తుడుచుకున్నారని మా అల్లుడికి చెప్పాను. నిజానికి "ముందు జిల్లాకు పోయి రానీ, తర్వాత చూద్దాం" అన్నాను. మా బడి ఎన్నడూ జిల్లా మెట్టు ఎక్కలేదు.

పోటీ ముందురోజు సఫారీ ఆయన జీపు పంపాడు. బస్సులో తీసుకెళితే మట్టి రాలిపోతుందట, ఆ రాత్రికి తన ఆఫీసులో భద్రంగా ఉంచి పొద్దున్నే హాలుకు చేరుస్తాడట. హెడ్మాస్టరుగారు పొంగిపోయి డ్రైవరుకు టీ తెప్పించారు. ఇద్దరు మనుషులు చెక్కను దుప్పట్లో చుట్టి మోసుకెళుతుంటే, ఆ అమ్మాయి గేటు దాకా పక్కనే నడిచింది. జీపు మలుపు తిరిగాక కూడా అక్కడే నిలబడింది.

మర్నాడు మేం ముగ్గురం బస్సులో వెళ్ళాం. నీరటి ఉతికిన ధోవతి కట్టుకుని, ఎవరిదో ఇస్త్రీ చొక్కా అడిగి తెచ్చుకుని వేసుకున్నాడు. హాల్లో మా బల్ల మీద దుప్పటి కప్పే ఉంది. తీస్తుంటే తడి రంగు వాసన కొట్టింది.

చెరువు అరచెయ్యంత అయిపోయింది. చుట్టూ స్పాంజి ముక్కల పచ్చిక, తెల్ల గీతల రోడ్లు, థర్మోకోల్ మేడలు, చదరం చదరంగా ప్లాట్లు. 'మన ఊరి నీళ్ళు' అట్టముక్క పోయి, దాని స్థానంలో 'రేపటి మన ఊరు' అని మెరిసే అక్షరాలు.

నీరటి మొహం విప్పారింది. "జరిపిండ్రు సారూ! నీలం ఎనక్కి పోయింది!"

తర్వాత వంగాడు. చెక్క ఈ చివరినుంచి ఆ చివరికి చూశాడు. చూపుడువేలు కట్ట వెంబడి పోయి, చివర పచ్చిక మీద ఆగింది.

"మా ఇల్లేది?"

అంతలో న్యాయనిర్ణేతలు వచ్చారు. ముగ్గురూ మెచ్చుకున్నారు. "ఎంత ముందుచూపు! చెప్పమ్మా, ఏమిటిది?" సఫారీ ఆయన వెనక చేతులు కట్టుకుని నిలబడే ఆ మనిషి ఎప్పుడొచ్చాడో, పిల్ల పక్కనే ఉన్నాడు. "రేపు ఇక్కడ ఎంతమందికి ఉద్యోగాలొస్తాయో చెప్పు" అన్నాడు మెల్లగా, ప్రేమగా.

అమ్మాయి స్పాంజి పచ్చికను చేత్తో అదిమింది.

"ఇదంత చెరువు సార్. నీళ్ళు ఈడిదాంక వస్తయ్. ఈడ మా ఇల్లుంటది. ఇది నేను చెయ్యలే."

"నువ్వు చెయ్యలేదా?"

"లేదు సార్."

న్యాయనిర్ణేతలు మొహాలు చూసుకున్నారు. నమూనా పిల్లలే చెయ్యాలన్నది నియమం. ఒకాయన కాగితం మీద అడ్డగీత గీశాడు. నేను బల్ల గుద్ది గర్జించానని, హాలంతా నిశ్శబ్దమైపోయిందని మీకూ చెప్పేవాణ్ణే. నేను ఒకడుగు ముందుకు వేసిన మాట వాస్తవం. అప్పటికే వాళ్ళు పక్క బల్ల దగ్గర అగ్నిపర్వతం పొగ కక్కుతుంటే చూస్తున్నారు.

సాయంత్రం ఊళ్ళో దిగేసరికి గుడిసె చుట్టూ హద్దుకు రాతి కడీలు పాతి ఉన్నాయి. పిల్ల తల్లి గుమ్మంలో నిలబడి ఉంది.

"వానలకు ముందే లేవాలెనంట" అంది మొగుడితో. కూతురిని చూసి, "గెలిచినవా బిడ్డా?" అని అడిగింది. కట్ట అవతల ఒక లారీ వెనక్కి వెనక్కి వచ్చి, మట్టిని నీళ్ళలోకి జార్చింది. కొంగలు లేచాయి. ఇంకో లారీ దాని వెనకే కాచుకుని ఉంది.

ఎండాకాలంలో వాళ్ళు హఫీజ్‌పేట్ స్టేషన్ దగ్గర ఒక గదిలోకి కిరాయికి పోయారు. తండ్రికి కొత్తగా లేస్తున్న ఏదో భవనం దగ్గర వాచ్‌మన్ పని దొరికింది. అమ్మాయి టీసీ కోసం బడికి ఒక్కతే వచ్చింది. కాగితం మడిచి దాచుకుని, గడప దాటబోతూ ఆగింది.

"సార్, ఈ ఏడు తూము ఎవరు తీస్తరు?"

"ఎవరినో ఒకరిని పెడతార్లేమ్మా" అన్నాను.

ఎవరినీ పెట్టలేదు.